పల్నాడులో గ్రావెల్ రైడ్: చక్రం తిప్పే ముందు దారి ఎవరిదో తెలుసుకోండి

కామెంట్స్‌లో చాలా రోజులుగా ఒకటే ప్రశ్న వస్తోంది. "బ్రో, గ్రావెల్ బైకింగ్ అంటే ఫారిన్‌లోనేనా? మన దగ్గర రూట్లు లేవా?" అని. ఎందుకు లేవు! పల్నాడు ఉంది కదా. కృష్ణానది, నల్లమల కొండలు, ఎనిమిది వందల ఏళ్ళ నాటి యుద్ధభూమి, అన్నీ ఒక్క జిల్లాలోనే. అయితే ఈరోజు మ్యాప్ లింక్ ఇచ్చేసి బై చెప్పను. ముందు ఒక మాట చెప్పాలి. పల్నాడులో ప్రతి మట్టిదారీ ఎవరో ఒకరి పనిదారి. అది ఎవరిదో తెలిస్తే రైడ్ హాయిగా సాగుతుంది. తెలియకపోతే మీకూ ఇబ్బంది, వాళ్ళకీ ఇబ్బంది.

ముందుగా కొత్తవాళ్ళ కోసం. గ్రావెల్ బైక్ అంటే చూడ్డానికి రేసింగ్ సైకిల్‌లా, వంపు తిరిగిన హ్యాండిల్‌తో ఉంటుంది. టైర్ మాత్రం లావు, సుమారు 40 మిల్లీమీటర్లు. తారు మీద స్పీడ్‌గా పోతుంది, మట్టిలోనూ ఆగదు. అమెరికాలోని కాన్సాస్‌లో 2006లో మొదలైన ఒక రేస్ ఇప్పుడు ప్రపంచంలోనే ఫేమస్, పేరు అన్‌బౌండ్. మెయిన్ రేస్ 200 మైళ్ళు, అంటే 320 కిలోమీటర్ల పైనే. అక్కడ వాళ్ళు తొక్కేది ఎక్కువగా రైతులు వాడుకునే కంకర రోడ్లే. మన పరిస్థితీ అదే. మన దగ్గర వాటికి సొంత పేర్లు కూడా ఉన్నాయి.

మొదటిది డొంక. పొలాల మధ్య ఎడ్లబండ్లు పోయే దారి, ఇప్పుడు ట్రాక్టర్లు పోతున్నాయి. రెవెన్యూ రికార్డుల్లో డొంక పోరంబోకు అని ఉంటుంది, అంటే ఊరందరిదీ. మీరూ పోవచ్చు. ఫోన్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి చూడండి. రెండు పక్కలా పొదలు, చెట్లు, మధ్యలో లేత రంగు చార కనిపిస్తే అది చాలావరకు డొంకే. సన్నగా, గళ్ళుగళ్ళుగా కనిపించేవి పొలం గట్లు. అవి రైతువి, వాటి మీద తొక్కకండి.

రెండోది కాలవ కట్ట. నాగార్జునసాగర్ డ్యామ్‌కి 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ కుడి కాలువ మొత్తం పొడవు 203 కిలోమీటర్లు, అది పల్నాడు మీదుగా పోతుంది. కట్ట మీద ఇరిగేషన్ వాళ్ళు తిరగడానికి వేసిన దారి ఉంటుంది. ఎత్తుపల్లాలు తక్కువ, బిగినర్స్‌కి బాగుంటుంది. కానీ అది డిపార్ట్‌మెంట్ దారి. గేటు వేసుంటే వెనక్కి రండి, సైకిల్ ఎత్తి అవతల పెట్టకండి. ఇంకోటి చాలా సీరియస్‌గా చెప్తున్నా. నీళ్ళు వదిలినప్పుడు కాలవలోకి దిగొద్దు, కాళ్ళు కడుక్కోడానిక్కూడా. లైనింగ్ ఏటవాలుగా, పాచి పట్టి ఉంటుంది. జారితే ఈత వచ్చినవాడికి కూడా పట్టు దొరకదు.

మూడోది అడవి బాట. మాచర్ల దాటితే నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ దగ్గరకి వచ్చేస్తాం. దేశంలో అన్నిటికంటే పెద్ద టైగర్ రిజర్వ్ అది. తారు రోడ్డు దిగి లోపలికి పోవాలంటే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ పర్మిషన్ ఉండాల్సిందే. మ్యాప్‌లో గీత కనిపించినంత మాత్రాన అది మనకి తెరిచిన దారి కాదు.

ఈ అడవి ఎవరిది అనే ప్రశ్న మీద ఇక్కడ ఒక మనిషి ప్రాణమే పోయింది. కన్నెగంటి హనుమంతు పేరు వినే ఉంటారు. అడవిలో పశువులు మేపుకున్నందుకు బ్రిటిష్ ప్రభుత్వం పుల్లరి పన్ను వేసింది. మేం కట్టం అని దుర్గి ప్రాంతం ఊళ్ళను కూడగట్టాడాయన. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఇవాళ మనం సరదాగా సైకిల్ తొక్కే నేల మీద, ఆవుల్ని మేపుకునే హక్కు కోసం జరిగిన పోరాటమది. అటువైపు వెళ్ళినప్పుడు ఎదురుగా పశువుల మంద వస్తే ఆగండి. బెల్ కొట్టకండి. మంద మొత్తం పోయాకే కదలండి.

సరే, ఇక రూట్. నా ఫేవరెట్ ఒక ట్రయాంగిల్. మాచర్ల, దుర్గి, కారంపూడి, గురజాల, రెంటచింతల, మళ్ళీ మాచర్ల. ఎన్ని డొంకలు కలుపుకుంటారో దాన్ని బట్టి 80 నుంచి 100 కిలోమీటర్లు. పల్నాటి యుద్ధం మొత్తం ఈ ట్రయాంగిల్‌లోనే ఉంది. మాచర్లలో మలిదేవరాజు, ఆయన వైపు బ్రహ్మనాయుడు. గురజాలలో నలగామరాజు, ఆయన వైపు నాగమ్మ. 1182 ప్రాంతంలో కారంపూడి దగ్గర, నాగులేరు ఒడ్డున యుద్ధం. ఆంధ్ర మహాభారతం అంటాం కదా, అందుకని రెండు రాజ్యాలూ ఎక్కడెక్కడో ఉంటాయనుకుంటాం. మాచర్ల నుంచి గురజాల సుమారు 30 కిలోమీటర్లే. సైకిల్ మీద పొద్దున టిఫిన్ ఒక రాజధానిలో, మధ్యాహ్నం భోజనం ఇంకో రాజధానిలో. ఇంత దగ్గరివాళ్ళు, సవతి అన్నదమ్ములు కొట్టుకు చచ్చారనే సంగతి పుస్తకంలో చదివితే ఒకలా ఉంటుంది, పెడల్ తొక్కుతూ ఆ దూరం కొలిస్తే ఇంకోలా ఉంటుంది.

మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి తప్పకుండా చూడండి. దుర్గిలో రాతి శిల్పాలు చెక్కేవాళ్ళున్నారు, ఆ పనికి జీఐ గుర్తింపు కూడా ఉంది. కారంపూడిలో వీరుల గుడి ఉంది. కార్తీకమాసంలో ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో వెళ్తే సైకిల్ ఒక పక్కన పెట్టేసి భక్తులతో నడవండి, జనంలో తొక్కలేరు. చాపకూడు పేరుతో అన్ని కులాలవాళ్ళనీ బ్రహ్మనాయుడు ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని చెప్పుకునే చోటిది.

టైమ్ ఉంటే గురజాల నుంచి కృష్ణ ఒడ్డుకి, దైద గుహాలయం దాకా పోయి రావచ్చు. మాచర్ల నుంచి ఎత్తిపోతల జలపాతం, అక్కణ్ణుంచి విజయపురి సౌత్, అనుపు. ఇదంతా తారు రోడ్డే, అయినా సూపర్. సాగర్‌లో మునిగిపోయే ముందు తవ్వి తీసిన ఇక్ష్వాకుల నాటి కట్టడాలను అనుపులో మళ్ళీ కట్టి పెట్టారు. మొదటిసారి ట్రై చేసేవాళ్ళకి నరసరావుపేట నుంచి కోటప్పకొండ చాలు. పోను రాను పాతిక కిలోమీటర్లు, చివర్లో ఘాట్ ఎక్కితే మీ గేర్లు ఏపాటివో తెలిసిపోతుంది.

ఎప్పుడు వెళ్ళాలి? నవంబర్ రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా. రెంటచింతల పేరు మీరు వినేది ఎండాకాలం వార్తల్లోనే, 45 డిగ్రీలు దాటిందని. వానాకాలం ఇంకా కష్టం. నల్లరేగడి తడిస్తే టైర్‌కి, ఫోర్క్‌కి మధ్య ముద్దలా పేరుకుని చక్రం తిరగదు. సైకిల్ మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోస్తారు. వాన పడితే డొంక ఎండేదాకా రెండు మూడు రోజులు ఆగండి.

పంక్చర్ల సంగతి. అమెరికాలో సైక్లిస్టులు గోట్‌హెడ్ అని భయపడే ముల్లు ఇంకేదో కాదు, మన పల్లేరుకాయే. దానికి తోడు సర్కారు తుమ్మ. ట్యూబ్‌లెస్ అయితే సీలెంట్ ఫుల్‌గా పోయించండి, లేదంటే రెండు ట్యూబులు పెట్టుకోండి. నాపరాయి అంచులు టైర్ పక్కగోడని కోసేస్తాయి, గాలి మరీ తగ్గించకండి. సన్నటి ప్రెస్టా వాల్వ్ అయితే చిన్న అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి, పల్లెటూరి పంక్చర్ షాపులో గాలి పట్టించుకోవాలంటే అదే దిక్కు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు మెయిన్ రోడ్డు మీద సున్నం, సిమెంట్ లారీలు ఎక్కువ, అటు వద్దు.

జనవరి నుంచి కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తారు. ఎర్రగా, ఫోటోకి అదిరిపోతుంది. కానీ అది ఒక కుటుంబం ఏడాది కష్టం, దాని మీద అప్పు కూడా ఉండొచ్చు. అడిగి ఫోటో తీసుకోండి, పరిచిన కాయల మీదకి టైర్ పోనివ్వకండి. దారి తెలియకపోతే యాప్ కంటే ముందు మనిషిని అడగండి. "బాబాయ్, ఈ డొంక ఎక్కడిదాకా పోద్ది?" అంటే చాలు. ఎక్కడ వాగు కోసిందో, ఎక్కడ కంచె వేశారో మ్యాప్‌లో లేనివన్నీ చెప్తారు.

చివరిగా ఒక్క మాట. డొంకలు తగ్గిపోతున్నాయి. కొన్ని సిమెంట్ రోడ్లవుతున్నాయి, అది ఊరికి మంచిదే, మనం ఏడవక్కర్లేదు. కొన్ని పక్క పొలాల్లో కలిసిపోతున్నాయి. నలుగురు నడిచే దారిని కలుపుకోవడం అంత తేలిక కాదు. మనం వెళ్ళి, మర్యాదగా తొక్కి, ఊళ్ళో టీ తాగి, చెత్త మనతోనే తెచ్చుకుంటే ఆ నలుగురిలో మనమూ ఉన్నట్టే. మీ ఊరి డొంక ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో కామెంట్‌లో రాయండి. నచ్చితే లైక్ చెయ్యండి, సైకిల్ ఉన్న ఫ్రెండ్‌కి పంపండి. హెల్మెట్ మర్చిపోకండి. ఉంటాను మరి.