కోడిగుడ్డు, కూరగాయల ఉప్పు జున్ను
(మండల సమాఖ్య వార్షిక సమావేశంలో కలిదిండి సభ్యురాలు ఒకరు చేసిన ప్రసంగం)

నన్ను ఒక వంట గురించి మాట్లాడమన్నారు. పొద్దుటి నుంచీ బ్యాంకు లింకేజీ, రికవరీ, ఆడిట్ విని అలిసిపోయి ఉన్నారు. తేలిగ్గానే చెబుతాను.

రెండేళ్ళ క్రితం నాకు నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 అన్నారు. ఆడవాళ్ళకి 12 ఉండాలట. నా ఒక్కదాని సంగతే కాదు లెండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. ఈ హాల్లో ఎంతమందిమి ఉన్నామో మీరే లెక్కేసుకోండి.

డాక్టరమ్మ మాత్రలు రాసి, "గుడ్డు తింటున్నావా?" అని అడిగింది. వారానికి మూడు రోజులు వండుతున్నానండీ అన్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే, నేను వండుతున్నాను గానీ తింటున్నది పులుసు. ఆయనకి, పిల్లలిద్దరికీ, అత్తయ్యగారికి, మావయ్యగారికి తలా ఒక గుడ్డు వేసేసరికి నాకు అడుగున పులుసు మిగిలేది. నన్ను తినొద్దని ఎవరూ అనలేదు. ఆరో గుడ్డు ఉడకేసుకోవడానికి నాకే చెయ్యి రాలేదు.

ఈ జున్ను మొదలెట్టాక ఆ లెక్క మారింది. ఇది ముక్కలు కోసి పెట్టే వంట. ఇంట్లో ఆరుగురుంటే ఆరు ముక్కలు పడతాయి. ఒక ముక్క పళ్ళెంలో మిగిలిపోతే అదెవరిదో అందరికీ కనపడుద్ది. మా చిన్నాడే మొదట అడిగాడు, "అమ్మా, నీది తినలేదేం?" అని.

జున్ను అంటే మనకి కొత్తేం కాదు. గేదె ఈనగానే వచ్చే పాలల్లో మాంసకృత్తులు ఎక్కువ, అందుకే వేడి తగిలితే ఆ పాలు గడ్డకడతాయి. చెరువులు తవ్వాక మా వీధిలో గేదెలూ తగ్గాయి, జున్నుపాలూ తగ్గాయి. ఇక్కడ ఆ గడ్డకట్టే పని గుడ్డు చేస్తుంది. బెల్లం బదులు ఉప్పు, మిరియం, కూరగాయలు వేస్తాం. ఫ్రాన్సులో ఇలాంటిదే పిండి అంచు పెట్టి కీష్ అని కాలుస్తారు, జపాన్లో చిన్న గిన్నెల్లో ఆవిరి మీద వండుతారు.

కొలత చెబుతాను. నాలుగు గుడ్లు, కాచి పూర్తిగా చల్లార్చిన పాలు ఒక టీ గ్లాసు నిండా, వేయించిన కూరముక్కలు రెండు గ్లాసులు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మిరియాల పొడి, అర చెంచా ఉప్పు. గుడ్లని నురగ వచ్చేలా గిలక్కొట్టకండి, నురగైతే లోపల బొక్కలు పడతాయి. తెల్లసొన, పచ్చసొన కలిస్తే చాలు. క్యారేజీ గిన్నెకి నూనె రాసి ముందు కూరలు సర్ది, పైన గుడ్డు పాలు పోయండి. గిన్నె మీద మూత తప్పనిసరి, లేకపోతే ఆవిరి నీళ్ళు లోపల పడి పైన చెరువు కడుద్ది. ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగాక గిన్నె దింపి, సెగ బాగా తగ్గించి అరగంట ఉంచండి. చాకు గుచ్చితే తడి లేకుండా రావాలి. దించిన వెంటనే కొయ్యకండి, పది నిమిషాలు ఆగితే ముక్క నిలబడుద్ది.

అందరం చేసే తప్పు పెద్ద సెగ. గుడ్డుకి వేడి మించితే బిగుసుకుపోయి లోపలి నీళ్ళు వదిలేస్తుంది. ముక్క స్పాంజిలా అయ్యి అడుగున నీళ్ళు తేలాయంటే పాలు చెడ్డవి కాదు, మంట ఎక్కువైందని అర్థం.

కాల్చిన రుచి కావాలంటే మందపాటి దాకలో రెండంగుళాలు ఇసుక పోసి, పైన స్టాండు, గట్టి మూత పెట్టండి. పది నిమిషాలు వేడెక్కాక గిన్నె పెట్టి సన్న సెగ మీద ముప్పావు గంట. మన పెద్దవాళ్ళు దిబ్బరొట్టెకి మూత మీద నిప్పులు వేసేవారు కదా, అదే ఉపాయం. నేను ముందు ఈ సంగతి తెలియక అప్పు చేసి ఓవెన్ కొన్నాను. మా వీధిలో సాయంత్రం కరెంటు వోల్టేజీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. రెండుసార్లు పిండిలా మిగిలిపోయాక దాన్ని అటక ఎక్కించాను. వాయిదాలు మాత్రం పద్దెనిమిది నెలలు కట్టాను.

కూరల సంగతి. చలికాలంలో క్యారెట్, క్యాబేజీ, చిక్కుడు గింజలు బాగుంటాయి. వేసవిలో బీర, సొర వేసేవాళ్ళు ముందు తురిమి, ఉప్పు వేసి, పిండి, వేయించి వేయాలి. వాటి నీరు పోకపోతే జున్ను గట్టిపడదు. వానాకాలం తోటకూర ఉంది. మునగాకైతే చెరువు గట్ల మీద ఏడాది పొడుగునా దొరుకుద్ది, ఆకు దూసి వేయించి వేస్తే ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదు. గోంగూర, టమాటా మాత్రం వద్దు, పులుపుకి పాలు విరుగుతాయి. అవి పక్కన పచ్చడిగా పెట్టుకోండి.

బాతుగుడ్లు దొరికితే మూడు చాలు, పెద్దవి కాబట్టి. కాస్త నీచు వాసన ఉంటుంది, అల్లం, మిరియం ఎక్కువ వేయాలి, లోపల వరకూ పూర్తిగా ఉడకాలి. చౌకగా వస్తున్నాయని పగిలిన గుడ్లు కొనకండి, పెంకు చిట్లితే లోపలికి క్రిములు పోతాయి. వండింది ఆ పూటే తినెయ్యండి.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. గుడ్డు తింటే రక్తం పట్టేస్తుందని నేను అనను. ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి, ఇనుము మాత్రం కొంచెమే, అదీ ఒంటికి తక్కువగా పడుద్ది. నాకు 8 నుంచి 11కి వచ్చిందంటే మాత్రలు మానకుండా వేసుకున్నందుకే. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోమన్నారు, తిన్న వెంటనే టీ తాగొద్దన్నారు. టీ మానడమే నాకు కష్టమైంది.

అమ్ముకోవచ్చా అని మీలో ముగ్గురు అడిగారు. రేపే అప్పు తీసుకోకండి. ముందు మీ ఇంట్లో నాలుగు వారాలు చేయండి, ఎన్ని గిన్నెలు చెడిపోయాయో సంఘం పుస్తకంలో రాసినట్టు రాసుకోండి. ఆ తర్వాత మీటింగులో మాట్లాడదాం.

రెండు గిన్నెలు తెచ్చాను, ఒకటి మునగాకుది, ఒకటి క్యారెట్‌ది. ముక్కలు చిన్నవే కోశాను, వెనక వరసల వాళ్ళకి కూడా అందాలి కదా. మొదట వంటమనుషులకి ఇవ్వండి, పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నారు.