బంగారమునకు సంకెల

శాసనమునకు సదుద్దేశము చాలునా? 1963 జనవరిలో మన దేశమున వెలువడిన స్వర్ణ నియంత్రణ నిబంధనలను తలచుకొనినప్పుడెల్ల మనకు ఈ ప్రశ్న కలుగును.

1962లో చైనాతో యుద్ధము జరిగినది. విదేశీ మారకద్రవ్యము కొరవడినది. దొంగచాటుగా వచ్చు బంగారము ఆ లోటును మరింత పెంచుచుండెను. దీనిని అరికట్టవలెనన్న ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి సంకల్పము మంచిదే. కాని ఎన్నుకొనిన మార్గమెట్టిది? 14 క్యారట్లకు మించిన నగ చేయరాదనిరి. అనగా 24 పాళ్లలో 14 పాళ్లే బంగారము. తక్కినది రాగి, వెండి వంటి లోహములు.

మన ఇండ్లలో నగ అలంకారమే కాదు, ఆపద్ధనము కూడ. బ్యాంకు గడప తొక్కని గృహిణికి అదియే నిలువ. పంట పోయిన ఏట కుదువబెట్టుటకు అదియే ఆధారము. ఆమె దృష్టిలో ఆ మిశ్రమము కాకిబంగారమే. కనుక మేలిమిపై కోరిక తగ్గలేదు. బేరము చాటునకు పోయినది.

దొంగవర్తకునికి నిషేధమే లాభమైనది. దెబ్బ తగిలినది కుంపటి ముందు కూర్చుండి ఊదుగొట్టముతో బ్రదుకు కంసాలికి. తరతరములుగా 22 క్యారట్ల మెత్తదనమునకు అలవాటుపడిన చేతికి ఆ గట్టి లోహము లొంగలేదు. వేలాది కుటుంబములకు పని పోయినది. పని పోగొట్టిన ప్రభుత్వమే వేరు వృత్తులకని ఋణములిచ్చినది. ఈ రెండింటి ఖర్చును భరించినది ప్రజలే.

స్వర్ణకారుల ఆందోళన ఫలితముగా 1966లో 14 క్యారట్ల నిబంధన తొలగినది. అయినను 1968లో స్వర్ణ నియంత్రణ శాసనము వచ్చి లైసెన్సులను, సర్టిఫికెట్లను, లెక్కల పుస్తకములను, తనిఖీలను స్థిరపరచినది. 1969లో సుప్రీంకోర్టు అందలి కొన్ని విభాగములు చెల్లవని తీర్పు చెప్పినది. శాసనమును సవరించిరే కాని విడువలేదు. తుదకు 1990లో రద్దు చేసిరి. 1992లో, విదేశములనుండి తిరిగివచ్చు భారతీయులు సుంకము చెల్లించి 5 కిలోల వరకు బంగారము తెచ్చుకొనుటకు అనుమతించిరి. దొంగదారి పట్టిన సరకునకు రాచబాట తెరచుట అదియే.

ఈ తెలివి కలుగుటకు 27 ఏండ్లు పట్టినది. బంగారమును మనము గీటురాతిపై పరీక్షింతుము. శాసనమునకు ప్రజల జీవితమే గీటురాయి. అది ఎవరిని బంధించినది, ఎవరిని విడిచినది, తలచిన ఫలమిచ్చినదా అని ప్రభుత్వము ఏటేట గీచి చూడవలెను. వన్నె తేలనిదానిని వెంటనే విడువవలెను. ప్రభుత్వము తనంతట తాను అడుగనిచో, అడుగవలసినవారము మనమే.