ఇంటిస్థలము కొనువారి సొమ్మునకు కాపుదల
(పంచాయితీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరక అనలేదు. ధాన్యము అమ్మిన రొక్కము, నగలు కుదువబెట్టి తెచ్చిన అప్పు, దూరదేశమునందున్న కుమారుడు పంపిన జీతము, ఇవన్నియు ఒక్కచోట చేరిన నాడు గాని పల్లెలో ఒక కుటుంబము ఇల్లో స్థలమో కొనజాలదు. అంతటి సొమ్మును ఒక్క గడియలో అపహరించు మార్గమొకటి నేడు ఏర్పడినది. ఆ మార్గమెట్టిదో, దానిని మూయుటకు పంచాయితీ సభ్యులు చేయదగినదేమో మీకు మనవి చేయదలచినాము.

పూర్వము అమ్మువారు, కొనువారు, మధ్యవర్తులు ఒకే చాపపై కూర్చుండి సాక్షుల యెదుట నోట్లు లెక్కించెడివారు. నేడు పెద్ద మొత్తములు బ్యాంకు ద్వారానే నడుచుచున్నవి. స్థిరాస్తి విక్రయమునకై 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదని, కొన్ని మినహాయింపులతో, 2015 జూన్ 1 నుండి ఆదాయపు పన్ను చట్టమునందు నిబంధన వచ్చినది. ఇది మంచిదే. ప్రతి పైసకును లెక్క, ఆధారము మిగులును. కాని సొమ్ము ఎవరి చేతిలో పడుచున్నదో కంటితో చూచు అవకాశము మాత్రము పోయినది. మోసగాండ్రు ఆ సందులోనే దూరుచున్నారు.

ఒక ఉదాహరణము చెప్పెదము. ఒక రైతు మండల కేంద్రములో పది లక్షలకు స్థలము బేరము చేసికొనెననుకొందము. లక్ష రూపాయల బయానా అమ్మువాని ఖాతాకు పంపగా సక్రమముగా చేరినది. రిజిస్ట్రేషను రెండు దినములున్నదనగా అమ్మువాని పేరు, ఫోటోతో ఫోనుకు ఒక వర్తమానము వచ్చినది. “అన్నగారూ! నా పాత ఖాతాను బ్యాంకువారు నిలిపివేసినారు. మిగిలిన తొమ్మిది లక్షలు ఈ క్రొత్త ఖాతాకు రేపే పంపండి. లేనిచో రిజిస్ట్రేషను వాయిదా పడును.” స్థలము వివరము, ధర, తేదీ అన్నియు సరిగానే యున్నవి. రైతు నమ్మి సొమ్ము పంపెను. రిజిస్ట్రేషను నాడు అమ్మువాడు, “సొమ్ము ఇంకను రాలేదేమి అన్నా?” అని అడిగెను. ఆ వర్తమానము అతడు పంపినది కాదు!

ఇది యెట్లు సాధ్యము? అమ్మువాని యొక్కగాని దళారి యొక్కగాని వాట్సాప్‌ను, ఈమెయిలును మోసగాడు ముందే చేజిక్కించుకొని, వారి సంభాషణలన్నియు చదివి, సొమ్ము చేతులు మారు సమయమునకై కాచియుండును. ఇక బ్యాంకు విషయము. ఖాతా సంఖ్య నొక్కదానినే ఆధారముగా తీసికొని సొమ్ము జమచేయుటకు రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు అనుమతి నిచ్చినది. పత్రముపై పేరు ఎంత స్పష్టముగా వ్రాసినను, సంఖ్య వేరొకరిదైనచో సొమ్ము ఆ వేరొకరికే చేరగలదు. సంఖ్యను సరిచూచుకొను బాధ్యత పంపువారిదే.

కావున నాలుగు కట్టుబాట్లు ప్రతి గ్రామమునను అలవాటు కావలెను.

మొదటిది: ఒప్పంద పత్రము వ్రాయునాడే అమ్మువాని బ్యాంకు ఖాతా సంఖ్య, పేరు, శాఖ, ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు పాసుపుస్తకము చూచి అందులో వ్రాయించి, సాక్షులతో సంతకములు చేయించవలెను. ఆ ఖాతాకు తప్ప మరి దేనికిని సొమ్ము పంపరాదు. మార్పు అవసరమైనచో ఇరువురును మరల కలిసికొని సాక్షుల యెదుట వ్రాసికొనవలెను. ఫోనులో వచ్చిన మార్పు మార్పు కాదు.

రెండవది: పంపుటకు ముందు పేరు చూడవలెను. ఆర్.టి.జి.ఎస్., నెఫ్ట్ పద్ధతులలో సొమ్ము పంపువారికి ఆ ఖాతా ఎవరి పేరున నున్నదో ముందుగా చూపు సదుపాయమును 2025 ఏప్రిల్ 1 లోగా కల్పించవలెనని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో ఆదేశించినది. దీనికి రుసుము లేదు. శాఖకు వచ్చినవారికి సైతము ఇది వర్తించును. కావున “ఈ ఖాతా ఎవరి పేరున నున్నది?” అని అడుగుటకు సంకోచింపనక్కరలేదు.

మూడవది: నెఫ్ట్ ద్వారా ముందు ఒక్క రూపాయి పంపి, అమ్మువానిని ఎదుట కూర్చుండబెట్టుకొని, అది చేరినట్లు అతని పాసుపుస్తకమునందో ఫోనునందో చూచిన పిమ్మటనే పెద్ద మొత్తము పంపవలెను.

నాలుగవది: సందేహమున్నచో అమ్మువాని పేర డిమాండు డ్రాఫ్టు తీయించి, రిజిస్ట్రారు కార్యాలయమునందే చేతికీయవలెను. పాత పద్ధతియే యైనను నేటికిని చెల్లును. తొందరపెట్టువాడు తగిన కారణము చూపినను తొందరపడరాదు.

ఇంత జాగ్రత్త పడినను మోసము జరిగినచో, దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు కారాదు. మోసగాండ్రు సొమ్మును నిమిషములలో అనేక ఖాతాలకు పంచి, నగదుగా తీసికొందురు. కావున తెలిసిన తక్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఇది 2021లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన ఏర్పాటునకు చెందినది. సమాచారము వెంటనే బ్యాంకులకు చేరును. సొమ్ము ఇంకను ఏ ఖాతాలోనైన నిలిచియున్నచో దానిని ఆపుటకు వీలు కలుగును. బ్యాంకు రసీదుపై నుండు యు.టి.ఆర్. సంఖ్య, మొత్తము, సమయము సిద్ధముగా నుంచుకొనవలెను. తమ బ్యాంకునకును, పోలీసు స్టేషనునకును ఫిర్యాదు చేయవలెను. “ఇది మా పరిధి కాదు” అని త్రిప్పి పంపుటకు వీలులేకుండ, 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త చట్టము ఏ స్టేషనునందైనను ఫిర్యాదు నమోదుచేయ వీలు కల్పించినది.

మరియొక సంగతి మీ దృష్టికి తేవలసియున్నది. ఈ సొమ్ము పోయి పడు ఖాతాలు తరచుగా మోసగాండ్రవి కావు. కొలది వేల రూపాయల ఆశకు తమ పాసుపుస్తకము, ఏ.టి.యం. కార్డు అద్దెకిచ్చిన పేదలవి, ఉద్యోగము లేని యువకులవి. సూత్రధారి దొరకకపోయినను ఖాతాదారు పేరు మాత్రము పోలీసులకు వెంటనే దొరకును. మన ఊరి బిడ్డ ఖాతా ద్వారా మరియొక ఊరి రైతు ఇల్లు కూలుట మనకు తగునా? ఖాతాను అద్దెకిచ్చుట నేరమని ప్రతి ఇంటను చెప్పవలెను.

సభ్యులారా! ఇందులకు నిధులు అక్కరలేదు. రాబోవు గ్రామసభలో ఈ నాలుగు కట్టుబాట్లను చదివి వినిపింపుడు. 1930 సంఖ్యను పంచాయితీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. దస్తావేజు లేఖరులతో మాట్లాడి, ఖాతా వివరము లేని ఒప్పందము వ్రాయవద్దని కోరుడు. చదువురాని వృద్ధులు బ్యాంకునకు పోవునపుడు ఒక సభ్యుడు తోడుపోవుట మేలు.

అన్నిటికంటె ముఖ్యముగా, మోసపోయినవానిని పరిహసింపకుడు. నలుగురు నవ్వుదురను భయమున ఒక రాత్రి దాచినందుననే పెక్కుర సొమ్ము దక్కకుండ పోవును. అట్టివాడు ధైర్యముగా తలుపు తట్టదగిన మొదటి ఇల్లు పంచాయితీ సభ్యునిదే కావలెనని మా కోరిక.