స్త్రీశిశువులకు పూర్వనామములు

(వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)

  

విద్యార్థివసతిగృహములను గూర్చియు, వేతననిధులను గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు పెద్దలు ప్రసంగించిన ఈ వేదికపై, పుట్టిన ఆడుశిశువునకు ఏ పేరు పెట్టవలయునను చిన్న విషయమును మేము చేపట్టుట కొందఱికి వింతగా తోచవచ్చును. అయినను ఈ చిన్న విషయముక్రింద పెద్ద విషయ మొకటి అణగియున్నది. దానిని సభవారియెదుట ఉంచుటయే మా యుద్దేశము.

ఇటీవల మన కుటుంబములలో ఒక మార్పు పొడసూపుచున్నది. కొన్నియేండ్ల క్రిందటివఱకు తల్లిదండ్రులు ఊరిలో ఎవ్వరికిని లేని పేరు కావలెనని వెదకెడివారు. అంతర్జాలమందలి పట్టికలనుండి రెండక్షరముల పేరొకటి ఏరుకొని, దాని యర్థమును పిదప విచారించెడివారు. సంఖ్యాశాస్త్రము చెప్పువారి మాటపై ఆంగ్లాక్షర మొకటి అదనముగ తగిలించెడివారు. ఆ క్రొత్తదనమునకు విసిగిన యువదంపతులు కొందఱు ఇప్పుడు జానకి, అనసూయ, సుభద్ర, రుక్మిణి, కామాక్షి యను ప్రాతపేరులను మరల కోరుచున్నారు. బారసాలనాడు పళ్లెరములోని బియ్యముపై బంగారుటుంగరముతో అట్టి పేరు వ్రాయుచుండగా ముసలివారి కన్నులు చెమర్చుచున్నవి. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. కాని ప్రాతనగను వన్నెకొఱకు పెట్టుకొనుట వేఱు, అది యెవరి మెడలోనిదో యెఱిగి పెట్టుకొనుట వేఱు. మన కోరిక రెండవది కావలయునని మా ప్రార్థన.

మన నాయనమ్మల, అమ్మమ్మల పేరులను మోటుపేరులని ఈసడించువారు కలరు. వానిని కొంచెము పరికింతము. అప్పలనరసమ్మ యన్నచో సింహాచలపు అప్పన్న గుర్తునకు వచ్చును. నూకాలమ్మ యన్నచో అనకాపల్లి, మాణిక్యాంబ యన్నచో ద్రాక్షారామము, తిరుపతమ్మ యన్నచో పెనుగంచిప్రోలు, రాజ్యలక్ష్మి యన్నచో మంగళగిరి, భ్రమరాంబ యన్నచో శ్రీశైలము, జోగులాంబ యన్నచో అలంపురము, ఓబులమ్మ యన్నచో అహోబిలము, సమ్మక్క, సారక్క యన్నచో మేడారము తలపునకు వచ్చును. మల్లవ్వ, రాజవ్వ యని 'అవ్వ'తో ముగిసిన పేరు వినినచో ఆ యిల్లాలు ఉత్తర తెలంగాణమునుండి వచ్చినదని చాలవఱకు ఊహింపవచ్చును. మస్తానమ్మ, హుస్సేనమ్మ యను పేరులు హిందువుల యిండ్లలోను వినబడును. దర్గాకు మ్రొక్కుకొనగా పుట్టిన బిడ్డకు ఆ మహనీయుని పేరు పెట్టుటలో మన పూర్వులకు సంకోచము లేకుండెను. ఇట్లు ఒక్కొక్క పేరును ఒక క్షేత్రమును, ఒక సీమను, ఒక మ్రొక్కుబడిని తనలో దాచుకొనియున్నది.

మఱియొక విశేషము. మనుస్మృతి రెండవ అధ్యాయము స్త్రీల పేరులు సుఖముగ పలుకదగినవియు, మంగళకరములును, దీర్ఘాంతములునై యుండవలెనని చెప్పినది. మూడవ అధ్యాయము నక్షత్రముల, వృక్షముల, నదుల, పర్వతముల, పక్షుల, సర్పముల పేరులుగల కన్యను పెండ్లాడరాదన్నది. మన తెలుగువారు మొదటి మాటను విని, రెండవదానిని వినలేదు! రోహిణి, తులసమ్మ, గోదావరి, కొండమ్మ, చిలకమ్మ, నాగమ్మ యని పేరులు పెట్టిరి. ఆ కన్యలకు పెండ్లిండ్లును జరిగెను. వారి మనుమలమే మనమందఱము. శాస్త్రముకంటె బిడ్డపై ముద్దును, ఊరి యేటిపై మమకారమును మన పూర్వులకు అధికముగ నుండెనని దీనివలన తెలియుచున్నది.

అయితే ప్రాతపేరు లన్నియు యథాతథముగ పెట్టదగినవేనా యని అడుగవచ్చును. కావు. పెంటమ్మ, కుప్పమ్మ, పుల్లమ్మ యను పేరులను చూడుడు. బిడ్డలు వరుసగా చనిపోవుచుండిన యింట, పుట్టిన శిశువును పెంటకుప్పపై నుంచి మరల ఎత్తుకొని, మృత్యువునకు ఈ బిడ్డపై కన్ను పడకుండుగాక యని హీనమైన పేరు పెట్టెడివారు. ఆ పేరు చూపునకు తిరస్కారమే కాని లోపల నున్నది ప్రేమ, భయము. నేడు ఆ పేరు పెట్టుమని మేము చెప్పము. బడిలో తోడిపిల్లలు గేలిచేయు పేరును బిడ్డనెత్తిన మోపుట న్యాయము కాదు. కాని ముత్తవ్వ పేరు పెంటమ్మ యని చెప్పుకొనుటకు సిగ్గుపడుటయు న్యాయము కాదు. ఎందఱు బిడ్డలను మట్టిలో కలిపిన పిదప ఆమెను దక్కించుకొనిరో ఆ పేరే చెప్పుచున్నది.

ఇక అసలు విషయమునకు వత్తుము. పురుషుని పేరు పోయినను అతని యింటిపేరు నిలుచును. స్త్రీకి పుట్టినింట ఒక యింటిపేరు, మెట్టినింట మఱియొక యింటిపేరు. రెండును ఆమె మార్చుకొనునవే. ఆమెతో కడవఱకు వచ్చునది బారసాలనాడు పెట్టిన పేరొక్కటే. అదియైనను పలుకబడుచున్నదా? పిల్లనాడు 'పాప', పెండ్లియైన పిదప 'ఫలానావారి కోడలు', బిడ్డలు పుట్టిన పిదప 'ఫలానావాని తల్లి'. అత్తగారి పేరు బిడ్డకు పెట్టిన యింట, కోడలు ఆ పేరు నోట పలుకరాదని బిడ్డను బుజ్జి యనియో చిట్టి యనియో పిలుచును. గౌరవముకొఱకు పెట్టిన పేరు గౌరవముచేతనే మూగవోవుచున్నది.

ఈ మఱుగు సామాన్యస్త్రీలకే కాదు, రాణులకును తప్పలేదు. కాకతీయ రుద్రమదేవి శాసనములలో రుద్రదేవమహారాజను పురుషనామమున కనబడును. ఆమెను స్త్రీపేరున నిలుపుకొన్నది ప్రజల నాలుక. శాతవాహనుల కాలమున గౌతమీపుత్ర శాతకర్ణి తల్లిని గోత్రమునుబట్టి గౌతమి యని లోక మెఱుగును. బాలశ్రీ యను ఆమె సొంతపేరు నాసికలోని గుహాశాసనమువలన మనకు దక్కినది. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెఱువు త్రవ్వించి శాసనము వేయించుటచేతను, అతని కుమార్తె గణపాంబ యెనమదలలో శాసనము వేయించుటచేతను వారి పేరులు నిలిచినవి. మొల్ల రామాయణము వ్రాసి, తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణము వ్రాసి, తరిగొండ వెంగమాంబ (1730–1817) భక్తికావ్యములు వ్రాసి తమ పేరులను తాము కాపాడుకొనిరి. భండారు అచ్చమాంబ (1874–1905) 'అబలాసచ్చరిత్ర రత్నమాల' వ్రాసి తన పేరునేగాక అనేకస్త్రీల పేరులను కాపాడెను. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ (1841–1909) ఒక్క పద్యమైన వ్రాయకయే, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి పేరు నిలుపుకొనెను. రాతిపై చెక్కింపలేక, కావ్యము వ్రాయలేక, పొలమునందును పొయ్యియొద్దను జీవితము వెళ్లబుచ్చిన మన అవ్వల మాట యేమి? వారి శాసనము ఎక్కడ?

పేరు మఱుగుపడుటవలన కలుగు నష్టము ఊహమాత్రము కాదు. 1951–52 లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలయందు, తమ పేరు చెప్పక 'ఫలానావాని భార్య', 'ఫలానావాని కూతురు' అని మాత్రమే వ్రాయించినందున, సుమారు 28 లక్షల స్త్రీలు ఓటర్ల పట్టికలనుండి తొలగింపబడిరి. వారిలో హెచ్చుమంది ఉత్తరదేశమువారు. కాని ఆ యలవాటు మనకు లేదని గుండెపై చేయివైచి చెప్పగలమా? మన యిండ్లలో వంశవృక్షములను తీసి చూడుడు. తాత, ముత్తాత, వారి తాత వఱకు ఏడు తరముల పురుషుల పేరులుండును. వారిని కన్నవారి పేరు లుండవు. కూతుండ్రున్నచోట కొమ్మయే లేదు. 2005 సంవత్సరపు హిందూ వారసత్వచట్ట సవరణము ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానహక్కు నొసగినది. చట్టములో భాగమున్న కూతురికి మన వృక్షములో ఆకైన లేకుండుట తగునా?

కావున ప్రాతపేరు పెట్టదలచిన తల్లిదండ్రులకు కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

మొదట, పేరు ఎవరిదో విచారింపుడు. నాయనమ్మ వైపు మాత్రమే కాక అమ్మమ్మ వైపును, ఆమె తల్లి వైపును అడుగుడు. ఇంటి పెద్దలు జీవించియుండగనే అడుగుడు. వారితో పోయిన పేరు మరల రాదు.

రెండవది, ఆ పేరును బిగ్గరగా పదిమార్లు పలికి చూడుడు. వెంకటసుబ్బమ్మ పొడవైనచో సుబ్బమ్మ చాలును, సీతమ్మ ఇష్టము లేనిచో సీత చాలును. విదేశములలోని మనవారికి సైతము సీత, కమల, మొల్ల, గౌతమి వంటివి సులభముగ పలుకబడును. కాని ముత్తవ్వ పేరును నడుమ పొడియక్షరముగ కుదించి, ఏదో క్రొత్తపేరునకు తోకగా తగిలించి, పెద్దలమాట నెగ్గినదనుకొనకుడు. అది పేరు నిలుపుట కాదు, మొక్కుబడి తీర్చుట.

మూడవది, కాగితములయందు జాగ్రత్త వహింపుడు. జననమును 21 దినములలోపల నమోదు చేయింపవలెను. పేరు నిశ్చయము కానిచో పండ్రెండు నెలలలోపల రుసుము లేకయే చేర్పింపవచ్చును. అటుపిమ్మట రుసుముతో పదునైదేండ్లవఱకు చేర్పింపవచ్చును. 1923లోను 1953లోను పుట్టినవారివలె బడిలో వేయునపుడు పేరు మార్చుకొందమనుటకు ఇక వీలులేదు. 2023 అక్టోబరు 1వ తేదినుండి పుట్టిన బిడ్డలకు బడికిని, పాస్‌పోర్టునకును, ఇతరములకును జననపత్రమే ఆధారము. మఱియు మనము ఇంటిపేరును ముందు వ్రాయుదుము. పరదేశములవారు దానిని చివర వ్రాయుదురు. ఏ గడిలో ఏది వ్రాయవలెనో తెలియక వ్రాసినచో, మీ బిడ్డ పరదేశపు బడిలో ఇంటిపేరుతోనే పిలువబడును.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. పేరు పెట్టిననాడే ఒక పుటపై ఆ పేరుగల అవ్వను గూర్చి వ్రాసియుంచుడు. ఏ యూరిలో పుట్టినది, ఎవరి కూతురు, ఏ పని చేసినది, ఎందఱిని పెంచినది, ఏ పాట పాడెడిది, ఏది వండిన మెచ్చుకొనెడివారు. బిడ్డ పెద్దదియై నాకీ పేరేల పెట్టితిరని యడిగిననాడు ఆ పుటను ఆమె చేతికిండు. క్రొత్తపేరు కావలయునన్న తల్లిదండ్రులను మేము నిందింపము. వారును ఆ పుటను వ్రాయవచ్చును. పేరు మాఱినను జ్ఞాపకము నిలుచును.

సభవారికి మా విన్నప మొక్కటి. మన సంఘము ఇకపై ప్రకటించు కుటుంబవివరముల పట్టికలయందు ప్రతి స్త్రీ పేరును, భర్తపేరుచాటున కాక, పుట్టినింటి పేరుతోగూడ పూర్తిగ అచ్చువేయవలెను. వంశవృక్షములు పంపువారు కూతుండ్రను, కోడండ్రను చేర్చి పంపవలెను. వచ్చు సంచికలో కొన్ని పుటలు అవ్వల చరిత్రములకై విడువవలెను. ఇందుకు వ్యయము అంతగా లేదు. దాతలను యాచింపవలసిన పని లేదు. ఇంటింట ఒక ముసలమ్మ ప్రక్కన కూర్చుండి, కలము చేతబట్టి, "అమ్మా, నీ తల్లి పేరేమి?" అని యడిగినచో చాలును.