గర్భసంచి తీయించుకునే ముందు ఒక పరీక్ష



పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె పేరు చెబితే ఎవరికైనా యురేనియం గనే గుర్తుకొస్తుంది. ఆ వెంటనే నీళ్లు, దుమ్ము, కాన్సరు అంటూ మాటలు మొదలవుతాయి. నీళ్ల గురించి ఆ పల్లెలవాళ్ల ఆందోళన వేరే సంగతి. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కాని మన ఆడవాళ్లకు వచ్చే గర్భాశయ ముఖద్వారం కాన్సరుకు మూలం అది కాదు. హెచ్.పి.వి. అనే వైరస్. ఈ సంగతి కనిపెట్టినందుకే జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కాబట్టి తుమ్మలపల్లెలో ఉన్నా, ప్రొద్దుటూరులో ఉన్నా ఈ జబ్బు వచ్చే దారి ఒక్కటే.

ఆ దారి స్త్రీపురుషుల కలయిక. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడితే లాభం లేదు. వైరస్ సోకినంత మాత్రాన ఎవరో నీతి తప్పారని కాదు. కాపురం చేసుకునే ఆడా మగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలో ముఖద్వారం పైపొర మెల్లగా మారుతూ వస్తుంది. అది కాన్సరుగా ముదరడానికి సాధారణంగా పది పదిహేనేళ్లు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. అంటే మనకు బోలెడంత గడువు ఉందన్నమాట. అయితే ఆ గడువులో నొప్పి ఉండదు, బాధ ఉండదు. అందుకే "నాకేం రోగం, ఆస్పత్రికి ఎందుకు పోయేది?" అని ఊరుకుంటాం.

పరీక్షకు వెళ్లం గాని, భయపడటం మాత్రం మానం. కాస్త తెల్లబట్ట అయినా, బహిష్టు ఎక్కువైనా "పిల్లలు చాలు కదా, గర్భసంచి తీయించేసుకుంటే పీడ పోతాది, లేకుంటే కాన్సరొస్తుంది" అనేవాళ్లు ఇంటింటా ఉంటారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది! మరి ముఖద్వారం పరీక్ష చేయించుకున్నవాళ్లో? తర్వాతి సర్వేలో, 2019–21లో, దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి ఇద్దరైనా లేరు.

పెద్ద గడ్డలున్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నప్పుడు ఆ ఆపరేషన్ అవసరమే. కాని తెల్లబట్టకు కారణం చాలాసార్లు మందులతో తగ్గే ఇన్ఫెక్షనే. చిన్న వయసులో గర్భసంచితోపాటు అండాశయాలనూ తీసేస్తే ముట్లు ముందే ఉడిగిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బుల భయం పెరుగుతుంది. అందుకని ఎవరైనా "తీసేద్దాం" అంటే, "ముందు ముఖద్వారం పరీక్ష చేశారా? మందులతో నయం కాదా?" అని అడగండి. ఇంకో డాక్టరమ్మకు చూపించుకోండి. అడగడం మన హక్కు.

ఆ పరీక్ష ఎలా ఉంటుంది? ఇందులో కత్తి లేదు, కుట్టు లేదు. వంటింటి వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలుచగా ముఖద్వారానికి పూసి, ఒక నిమిషం ఆగి చూస్తారు. మారిన పొర ఉంటే తెల్లగా కనబడుతుంది. దాన్ని గర్భసంచి తీయకుండానే, అతి చల్లదనంతోనో వేడితోనో పోగొట్టవచ్చు. పాప్ పరీక్ష, హెచ్.పి.వి. పరీక్ష కూడా ఉన్నాయి. 30 ఏళ్లు దాటినవాళ్లు అయిదేళ్లకొకసారి పరీక్ష చేయించుకోవాలని మన ప్రభుత్వం చెబుతున్నది. ఎక్కడ చేస్తారో దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ప్రొద్దుటూరు జిల్లా ఆస్పత్రిలో గాని, కడప రిమ్స్‌లో గాని వాకబు చేయండి.

దీనివల్ల నిజంగా ఫలితం ఉంటుందా అంటారా? ఒకప్పుడు మన హైదరాబాద్ సంస్థానంలో ఉండి, ఇప్పుడు మహారాష్ట్రలో ధారాశివ్ అని పిలుస్తున్న ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్ఫైవేలమంది పల్లె స్త్రీలతో ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్షకు పిలిచి, అవసరమైనవారికి చికిత్స చేసిన ఊళ్లలో ఈ కాన్సరు చావులు దాదాపు సగానికి తగ్గాయి.

ఇక ఆడపిల్లల సంగతి. 9 నుంచి 14 ఏళ్ల మధ్య టీకా వేయిస్తే మంచి రక్షణ. పుణెలో తయారైన 'సెర్వావాక్' టీకాకు 2022లో అనుమతి వచ్చింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఇలాంటి టీకా వేసినప్పుడు కొందరు బాలికలు చనిపోయారని పెద్ద గొడవై, 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కాని తల్లిదండ్రులకు సరిగా చెప్పకుండా, హాస్టల్ వార్డెన్ల సంతకాలతో టీకాలు వేయడం తప్పే. కాబట్టి అడిగి, తెలుసుకుని వేయించండి. టీకా వేసుకున్నవాళ్లు కూడా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

చివరగా ఒక హెచ్చరిక. కలయిక తర్వాత రక్తం కనబడినా, బహిష్టుకీ బహిష్టుకీ మధ్య కనబడినా, ముట్లుడిగాక మళ్లీ కనబడినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా ఒక్కరోజు కూడా దాచుకోవద్దు. ఇంట్లో అందరి మందుల వేళలూ గుర్తుపెట్టుకునే మనం, ఈ నెలలో ఒక పూట మనకోసం కేటాయించుకుందాం. తోడికోడల్నో పక్కింటి పిన్నినో వెంటబెట్టుకు వెళ్తే వాళ్లకూ పరీక్ష అయిపోతుంది.

సెలవు.