పరుగు దారి కొలత – నేను చేసిన పొరపాటు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే మనం ఏటా ఈ సభ జరుపుకుంటున్నాము. డి.ఏ. బకాయిల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నాకు పది నిమిషాలిచ్చి "ఆ సైకిలు సంగతి చెప్పండి" అన్నారు. అదే చెబుతాను.

నా మనవడు పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి తయారవుతున్నాడు. దేహదారుఢ్య పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు ఎనిమిది నిమిషాలలో పరుగెత్తాలి. ఒక్క సెకను దాటినా ఇంటికే. వాడూ, వీధిలో మరో నలుగురు కుర్రాళ్లూ "తాతా, మాకు దూరం కొలిచిపెట్టు" అన్నారు. గుమాస్తాగా ముప్పై అయిదేళ్లు అందరి టి.ఏ. బిల్లులలో కిలోమీటర్లు సరిచూసినవాణ్ణి కదా, నాకది గొప్పగా అనిపించింది. నా పాత స్కూటరు మీద బలిఘట్టం వైపు ఒక కల్వర్టు దగ్గర బయలుదేరి, మీటరు 1.6 చూపిన చోట చింతచెట్టుకు సున్నం గీత పెట్టాను. నాలుగు నెలలు వాళ్లు అక్కడే పరుగెత్తారు. మా వాడు 7 నిమిషాల 40 సెకన్లకు వచ్చాడు. ఇంట్లో అందరం ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాము.

పరీక్షలో వాడికి 8 నిమిషాల 7 సెకన్లు పట్టింది.

ఇంటికి వచ్చి వాడు నన్నేమీ అనలేదు. అన్నం తినలేదు, అంతే. రెండు రోజుల తర్వాత "తాతా, ఆ దారి సరిగానే కొలిచావా?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

స్కూటరు మీటరులో ఆఖరి అంకె వంద మీటర్లకొకసారి తిరుగుతుంది. బయలుదేరినప్పుడు ఆ అంకె మారబోతున్నదో, అప్పుడే మారిందో నేను చూసుకోలేదు. దానికి తోడు అరిగిపోయిన టైరు. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. తాలూకా ఆఫీసులో చేరిన కొత్తల్లో ఒక ముసలి చైన్‌మన్ చెప్పేవాడు: "గొలుసు వదులైతే కాగితం మీద నేల పెరిగిపోద్ది బాబూ, రైతు నెత్తిన శిస్తూ పెరిగిపోద్ది." ఆ గొలుసు 66 అడుగులు, నూరు లింకులు. పది గొలుసులైతే ఫర్లాంగు, ఎనభై అయితే మైలు. పాత ఎఫ్.ఎం.బి.లలో కొలతలన్నీ ఆ లింకులలోనే ఉండేవి. అది విన్న చెవులతోనే నేను స్కూటరు మీటరును నమ్మాను.

ఫోనులో చూస్తే పోదా అని మీలో కొందరికి తోచవచ్చు. మా వాడు చూశాడు. ఒకే దారి మూడుసార్లు పరుగెత్తితే మూడు దూరాలు వచ్చాయి. ఉపగ్రహాలను బట్టి ఫోను మన చోటును గుర్తిస్తుంది, అందులో కొన్ని మీటర్ల తేడా మామూలే. చెట్ల కింద ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఎటు వెళ్తున్నామో తెలుసుకోవడానికి చాలును గాని, ఏడు సెకన్ల లెక్కకు చాలదు.

ప్రపంచమంతటా పరుగు పందాల దారులను ఇప్పటికీ సైకిలుతోనే కొలుస్తారని తెలిసి ఆశ్చర్యపోయాను. 1981లో న్యూయార్కు మారథాన్‌లో ఆల్బర్టో సలజార్ అనే ఆయన 2 గంటల 8 నిమిషాల 13 సెకన్లకు వచ్చి ప్రపంచ రికార్డన్నారు. తర్వాత దారిని మళ్లీ కొలిస్తే 148 మీటర్లు తక్కువ తేలింది. రికార్డు పోయింది. అంతటివారికే అలా జరిగిందంటే నాకు కొంచెం ఊరట కలిగిన మాట నిజం.

మేము చేసింది వినండి. రిటైరైన సర్వే మిత్రులొకరు ముప్పై మీటర్ల ఉక్కు టేపు తెచ్చారు. తెల్లవారుజామున తిన్నని రోడ్డు మీద పదిసార్లు పరచి 300 మీటర్లు గుర్తు పెట్టాము. టేపు వదులు కాకుండా స్ప్రింగు త్రాసు తగిలించి ప్రతిసారీ అయిదు కిలోల బరువుకు లాగాము. ఉక్కు టేపు 20 డిగ్రీల వేడి దగ్గర సరిగ్గా ఉండేలా చేస్తారు. 35 డిగ్రీల ఎండలో 300 మీటర్లకు అయిదు సెంటీమీటర్ల తేడా వస్తుంది, అందుకే తెల్లవారుజాము. 1862లో విశాఖపట్నం దగ్గర మహా త్రికోణమితి సర్వేకు ఆధార రేఖ కొలిచినప్పుడు ఈ వేడి బాధ తప్పించుకోవడానికి ఇత్తడి, ఇనుము కడ్డీలు జతచేసిన పది అడుగుల పరికరాలు వాడారు. మన పక్కనే జరిగిన పని అది!

తర్వాత ఆ 300 మీటర్ల మీద సైకిలు నడిపి, ముందు చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టాము. ముందు చక్రానికి 32 ఊచలు, కనుక చుట్టులో ముప్పైరెండో వంతు వరకు తెలుస్తుంది. నాలుగుసార్ల సగటు 139 చుట్ల 10 ఊచలు. అప్పుడు అసలు దారి కొలిచాము. మూల మలుపుల దగ్గర పరుగెత్తేవాడు అడ్డంగా కోసుకుపోతాడు గనుక మేమూ అలాగే, అంచుకు జానెడున్నర దూరంలో, అతి దగ్గర దారినే పోయాము. తిరిగి వచ్చి 300 మీటర్లు మళ్లీ నడిపితే 139 చుట్ల 8 ఊచలే వచ్చింది. ఎండకు ట్యూబులో గాలి వేడెక్కి చక్రం వెంట్రుకవాసి పెరిగిందన్నమాట. రెంటికీ సగటు 9 ఊచలు తీసుకున్నాము.

చుట్లు లెక్కపెట్టడమే కష్టమైంది. కుర్రాళ్లు తప్పుతున్నారు. చివరకు మా ఇంటావిడ తులసిమాల అడిగి, చుట్టుకొక పూస చొప్పున తిప్పాను. 1865లో టిబెట్టు దారులు కొలవడానికి బయలుదేరిన నైన్‌సింగ్ కూడా అడుగులు లెక్కపెట్టడానికి జపమాలే వాడాడు. అయితే ఆయన మాలలో 108 బదులు నూరు పూసలే ఉండేవి. ఆ తెలివి నాకు లేక 108తో హెచ్చవేసుకుంటూ కూర్చున్నాను. "ఇన్నాళ్లకు మాల పట్టారు, అదీ సైకిలు కోసం" అని ఆవిడ మాట.

కల్వర్టు నుంచి చింతచెట్టు గీత వరకు ఆరు మాలలు, 53 పూసలు. అంటే 701 చుట్లు. లెక్క కడితే 1510 మీటర్లు. తొంభై మీటర్లు తక్కువ! ఆ వేగాన 1600 మీటర్లకు ఎంత పడుతుందో కాగితం మీద వేసి చూశాను. సరిగ్గా 8 నిమిషాల 7 సెకన్లు. పరీక్షవాళ్ల గడియారం తప్పు కాదు, వాడి కాళ్లూ తప్పు కాదు. ఆ కాగితం వాడికి చూపించి, తప్పు నాదేనని చెప్పాను. వాడు చాలాసేపు దాన్నే చూసి "అయితే నేను నెమ్మదించలేదన్నమాట" అన్నాడు. అంతవరకు వాడికి ఆ అనుమానమే తినేస్తున్నదని నాకు తెలియదు.

కొత్త గీత 1600 మీటర్లకు పెట్టలేదు. వెయ్యికి ఒకటి చొప్పున కలిపి పెట్టాము. పందెపు దారులకు ఇదే నియమం, కొలతలో ఏ మాత్రం పొరపాటున్నా దారి తక్కువ కాకూడదని. మారథాన్‌కు అది 42 మీటర్లవుతుంది, మాకు మీటరున్నర.

కాలేజీ మైదానంలో ముగ్గుతో గీసిన వలయాల మీద సాధన చేసే పిల్లలకు ఒక మాట. 400 మీటర్లన్నది లోపలి వరుసలో, లోపలి గీతకు 20 సెంటీమీటర్ల ఎడంగా కొలిచే లెక్క. రెండో వరుసలో పోతే చుట్టుకు ఏడున్నర మీటర్లు పైన ఎక్కువ, నాలుగు చుట్లకు ముప్పై.

మా వాడికి వయోపరిమితి ఇంకా రెండేళ్లుంది. మొన్న ఆదివారం కొత్త గీత వరకు 7 నిమిషాల 58 సెకన్లలో వచ్చాడు. గీత ఈసారి సున్నంతో కాదు, తెల్ల రంగుతో రోడ్డు అంచునే వేశాము. ఉదయం నడకకు వెళ్లే మిత్రులు దయచేసి దాని మీద కారు నిలపవద్దని మీ ఇళ్లలో చెప్పండి. వచ్చే ఆదివారం అయిదు గంటలకు రెండో దారి కొలుస్తున్నాము. ముందు చక్రం వంకర లేని సైకిలు ఉన్నవారు తీసుకురాగలరు. మాల నేనే తెస్తాను.