శాలువా కప్పితే పని అయిపోయినట్టు కాదు
(నల్లకుంటలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. సినిమా రంగానికి జీవితకాలం సేవ చేసినవారికి కేంద్ర ప్రభుత్వం 1969 నుంచి ఇస్తున్న గౌరవమిది. మొదట అందుకున్నది దేవికారాణి. తెలుగువారిలో బి.ఎన్.రెడ్డి, పైడి జైరాజ్, ఎల్.వి.ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని, రామానాయుడు, కె.విశ్వనాథ్ గార్లకు దక్కింది. వారి సంగతులు మీకు నాకంటె బాగా తెలుసు. నేను మన పొరుగాయన గురించి చెబుతాను.

మనలో చాలామందిమి పొద్దున్నే విద్యానగర్ దాటి తార్నాక దాకా నడిచే దారిలో ఉన్న ఉస్మానియాలోనే శ్యామ్ బెనెగళ్ అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేశారు. 1934లో ఇక్కడి తిరుమలగిరిలో పుట్టారు. విద్యార్థిగా ఉండగానే హైదరాబాదు ఫిల్మ్ సొసైటీ పెట్టారు. బొంబాయి వెళ్లి ప్రకటనల సంస్థలో కొలువు చేస్తూ, కాలేజీ రోజుల్లో రాసుకున్న కథను పట్టుకుని పన్నెండేళ్లకు పైగా ఎదురుచూశారు. అదే 1974లో 'అంకుర్' అయింది. అందులో ఉన్నది మన పల్లె, వినిపించేది మన దక్కనీ మాట. 1978లో తెలుగులో 'అనుగ్రహం' తీశారు. 1987 నాటి 'సుస్మన్' పోచంపల్లి నేతగాళ్ల కథ.

2005 సంవత్సరానికి ఆయనకు ఫాల్కే పురస్కారం ప్రకటించారు. అప్పటికే డెబ్బై దాటాయి. ఇక విశ్రాంతి అనుకోలేదాయన. ఆ తర్వాతే 'వెల్‌డన్ అబ్బా' తీశారు, మన రాజ్యాంగం పుట్టుక మీద టీవీ ధారావాహిక తీశారు. 2023లో 'ముజీబ్' విడుదలయ్యేనాటికి ఆయనకు 88 ఏళ్లు. 2024 డిసెంబరులో కన్నుమూశారు.

ఇక నా మాట. పదవీ విరమణ రోజున నాకూ శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. ఆ గడియారం కిందే పడక కుర్చీ వేసుకుని రెండేళ్లు గడిపాను. ఒకనాడు మా పాత అటెండరు భార్య కుటుంబ పింఛను ఫారం పట్టుకుని వచ్చింది. ఆయన పోయి ఎనిమిది నెలలయింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయింది. ముప్పై ఏళ్లు నేను చేసిన పని అదే! గంటలో పూర్తిచేసి ఇచ్చాను. ఆ రాత్రి చాలా రోజులకు కంటినిండా నిద్రపట్టింది.

అలాంటి కాగితాలు మన సంఘంలో ఇంకా గుట్టగా ఉన్నాయి. రాసిపెట్టే చేతులు రెండే. పుస్తకం బల్ల మీదే ఉంది. వారానికి ఒక్క పూట ఇవ్వగలవారు వెళ్లేముందు పేరు రాయండి. సెలవు.